పచ్చ కాకపోతే ఎరుపు

గౌరీశ్వరి ప్రశ్న ఇంకా పూర్తి కాలేదు. "ఆపరేషన్ చేయించుకోడం నీకు ఇష్టమే..." వరకూ వచ్చింది. చివరి "...నా, బావా?" నోట్లో ఉండగానే మంచం పక్కనున్న పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది.

"ఒప్పుకున్నాడు! నా కొడుకు ఒప్పుకున్నాడు!" అంటూ అత్త అచ్చియ్యమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. డాక్టర్ పరాంకుశం గడియారం చూసి కాగితం మీద వేళ రాసుకున్నాడు. సాక్షి సంతకానికి ఆ కాగితాన్ని గౌరీశ్వరి ముందుకు జరిపాడు.

ఆమె కలం అందుకోలేదు.

"చదువుకుని పెడతాను సార్."

"తప్పకుండా. ఆపరేషన్ శుక్రవారం. గురువారం సాయంత్రంలోగా ఇచ్చినా చాలు" అన్నాడు డాక్టరు. మెత్తటి మనిషి. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ మెత్తదనం మీద కూడా గౌరీశ్వరికి ఆ క్షణాన నమ్మకం సడలింది.

ఆమెది రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్ ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా సిగ్నల్ స్విచ్చులుండే రిలే గదుల్లో, పట్టాల పక్కనుండే లొకేషన్ పెట్టెల ముందు మోకాళ్ల మీద కూర్చుని వైర్లు వెతికిన చేతులవి. పట్టాలు మార్చే పాయింటు సరిగా పడాలి, పట్టా ఖాళీగా ఉండాలి, గేటు మూసి ఉండాలి. ఈ మూడూ కుదిరాకే సిగ్నల్ పచ్చ కావాలి. ఏ ఒక్కటి కుదరకముందే పచ్చ పడితే అది మామూలు చెడిపోవడం కాదు. ఆ శాఖలో అందరినీ నిద్రలో కూడా ఉలిక్కిపడేలా చేసేది అదొక్కటే. ఇప్పుడు ఆమె కళ్ల ముందు పడింది అలాంటి పచ్చే.

ఆమె భర్త పైడిరాజు అదే సెక్షన్‌లో పాయింట్స్‌మన్. పట్టాలు మార్చడం, బండ్లకు సైగలివ్వడం అతని పని. మేనత్త కొడుకు. ఏడు నెలల కిందట యార్డులో నడుస్తూ నడుస్తూ కూలబడ్డాడు. మెదడు అడుగున రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణం నిలిచింది కానీ ఒళ్లంతా బిగుసుకుపోయింది. వేలు కదలదు, నాలుక తిరగదు, కనుపాప కూడా చెప్పినట్టు వినదు. లోపల మాత్రం తెలివి చెక్కుచెదరలేదనీ, చెవులు బాగా వినిపిస్తున్నాయనీ పరీక్షల్లో తేలింది. అలాంటివాళ్ల కోసమే విశాఖలో కొండ మీద ఈ పరిశోధనాలయం పెట్టాడు పరాంకుశం.

ఆయన కనిపెట్టిన పరికరం చూడటానికి చిన్నది. తలకు ఒక మెత్తటి టోపీ, దాన్నుంచి ఒక పెట్టెకు తీగలు. కదలలేని మనిషి కూడా చెయ్యెత్తాలని అనుకోగలడు. ఆ అనుకోవడాన్ని టోపీ పట్టుకుంటుంది. కుడి చెయ్యి అనుకుంటే అవును, ఎడమ చెయ్యి అనుకుంటే కాదు. అవునంటే పెట్టె మీద పచ్చ దీపం, కాదంటే ఎర్ర దీపం.

ఇప్పుడు టోపీ బదులు పుర్రె కింద సన్నటి రేకు అమరుస్తామంటున్నారు. అప్పుడు అవును, కాదు అనే రెండే కాకుండా మాటలే పలికించవచ్చట. ప్రాణానికి ముప్పు ఉందని కాగితంలో నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. రోగి సమ్మతి లేకుండా చెయ్యరు. రోగి సమ్మతికి సాక్ష్యం ఆ పచ్చ దీపమే.

మర్నాడు ఉదయమంతా గౌరీశ్వరి గది మూల స్టూలు మీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా అత్తను గమనించింది.

అచ్చియ్యమ్మకు కొడుకుతో కబుర్లంటే పండగ. మూణ్ణెల్లుగా, అంటే ఈ పెట్టె వచ్చినప్పటి నుంచి, రోజుకు వంద ప్రశ్నలు అడుగుతుంది.

"బాబూ, నిన్న రేతిరి బాగా తొంగున్నావా?" పచ్చ.

"నొప్పి గానీ ఉన్నాదేటి?" ఎరుపు.

"మన సీతాలు పెళ్లికి నువ్వొచ్చీగలవు కదా? అప్పటికి లేసి కూకుంటావు కదా?" పచ్చ.

ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తే ముసలామె మనసు కుదుటపడుతుందో, సరిగ్గా ఆ దీపమే వెలుగుతోంది. మూణ్ణెల్లలో ఒక్కటంటే ఒక్కటి ఆమె కోరుకోని జవాబు రాలేదు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో పైడిరాజు తల్లితో రోజుకు ఒక్కసారైనా వాదన పెట్టుకోకుండా ఉన్నది గౌరీశ్వరి ఎరగదు.

పక్కమీద గుడ్డలు మార్చడానికి వచ్చిన నర్సును ఆమె వరండాలోకి తీసుకెళ్లింది.

"సిస్టర్, ఇంతకు ముందు ఈ ఆపరేషన్ ఎవరికైనా చేశారా?"

నర్సు అటూ ఇటూ చూసింది. "దమయంతి గారని, సోంపేట నుంచి వచ్చారు. కుట్టు నేర్పే టీచరు. చేశారు."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"మూడో రోజున పోయారమ్మా. డాక్టరు గారు రెండ్రోజులు అన్నం ముట్టలేదు." నర్సు గొంతు తగ్గించింది. "ఆవిడ కూడా ఒప్పుకున్నారు. నేనే చూశాను, పచ్చ దీపం."

బుధవారం పొద్దున్న పదింటికి పైడిరాజును చక్రాల మంచం మీద కీళ్లు ఆడించే గదికి తీసుకెళ్లారు. టోపీ తీసి దిండు మీద పెట్టారు. పెట్టెను ఆపడం ఎవరికీ గుర్తు రాలేదు, లేదా అవసరమనిపించలేదు. అత్త కూడా కొడుకు వెంట వెళ్లింది. గదిలో గౌరీశ్వరి ఒక్కతే మిగిలింది. ఖాళీ మంచం, దిండు, దిండు మీద తీగల టోపీ.

ఆమె తలుపు దగ్గరకు వేసింది. తను చేయబోయే పని తలచుకుంటే తనకే సిగ్గేసింది. అయినా మంచం పక్కన కూర్చుంది. భర్త తల ఉండాల్సిన చోటికి వంగి, గొంతులో ఉన్న ప్రేమంతా కూడదీసుకుని అడిగింది.

"బావా, ఇంటికెళ్లిపోదామా?"

పచ్చ దీపం వెలిగింది.

ఆమె లేచి నిలబడి, స్టేషన్లో రిజిస్టరు చదివే గొంతుతో అదే ప్రశ్న అడిగింది. "ఇంటికెళ్లిపోదామా."

రెండు క్షణాలు ఆగి ఎర్ర దీపం వెలిగింది.

మూణ్ణెల్లుగా తన భర్తతో మాట్లాడుతున్నామనుకున్నారు. ఎవరితో మాట్లాడారు?

పరాంకుశం తన గదిలో కాఫీ తాగుతున్నాడు. గౌరీశ్వరి వివరాలేమీ చెప్పలేదు, "ఒకసారి రండి సార్" అంది అంతే. ఖాళీ మంచం ముందు ఆయన్ని నిలబెట్టి, అదే ప్రశ్న రెండు గొంతులతో అడిగి చూపించింది. పచ్చ, ఎరుపు. ఆయన మళ్లీ అడగమన్నాడు. మళ్లీ అంతే. తనే అడిగాడు, మెత్తటి గొంతుతో. పచ్చ.

"పెట్టె తెరవండి" అంది గౌరీశ్వరి.

"అది మీకు అర్థం..."

"పద్దెనిమిదేళ్లుగా నేను చేసే పని అదే సార్. తెరవండి."

లోపలి బోర్డు వేలెడంత ఉంది. ఆయన కాగితం మీద బొమ్మ గీశాడు. ఆమె ఆ గీతల్ని తనకు తెలిసిన రిలేల భాషలోకి మార్చుకుంటూ పోయింది.

"కుడి చెయ్యి వచ్చి, ఎడమ చెయ్యి రాకుండా ఉంటేనే అవును. అంటే కుడి అండ్ నాట్ ఎడమ" అన్నాడు పరాంకుశం.

"కుడి రిలే కాంటాక్ట్, ఎడమ రిలే పడి ఉన్నప్పుడు కలిసే కాంటాక్ట్. రెండూ ఒకే వరసలో. బాగుంది. దీని పక్కన సమాంతరంగా ఇంకో దారి వస్తోంది, ఇదేటి?"

"మైకు. ప్రశ్న ఎప్పుడు ముగిసిందో తెలియడానికి పెట్టాం. ప్రశ్న చివర గొంతు పైకి లేస్తుంది కదా, దాన్ని పట్టుకుంటుంది. మొదట్లో జవాబులు సగానికి సగం తప్పులొచ్చేవి. చాలాసార్లు ఏ దీపమూ వెలిగేదే కాదు. మైకు తీగను ఇక్కడ ఆర్ ద్వారా కలిపి చూశాం. 'నీ పేరు ఫలానాయేనా' లాంటి తెలిసిన ప్రశ్నలకు నూటికి తొంభై ఆరు సరిగ్గా వచ్చాయి. యంత్రం నేర్చుకుందనుకున్నాం."

"తెలిసిన ప్రశ్నలు అడిగిందెవరు?"

"మేమే."

"జవాబు తెలిసిన మీరే."

గౌరీశ్వరి వేలితో గీత వెంట వెళ్లింది. ఆర్ అంటే రెండు దారుల్లో ఏది తెరుచుకున్నా చాలు. మనిషి ఏం అనుకున్నా, అసలు మనిషే లేకపోయినా, అడిగేవాళ్ల గొంతులో ఆశ ఉంటే పచ్చ పడుతుంది. ఆశపడేవాళ్ల గొంతు ప్రశ్న ముగియకముందే పైకి లేస్తుంది. అందుకే మొన్న మాట పూర్తికాకుండానే దీపం వెలిగింది.

"మరి ఎరుపు?"

"పచ్చకు నాట్. మాట ఆగి రెండు క్షణాల్లో పచ్చ వెలగకపోతే ఎరుపు వెలిగేలా పెట్టాం. జవాబు లేకుండా దీపాలు చీకటిగా ఉంటే కుటుంబాలవాళ్లు తట్టుకోలేకపోయేవాళ్లమ్మా. ఏడ్చేవాళ్లు."

"అంటే ఊరుకునే హక్కు కూడా లేకుండా చేశారు" అంది ఆమె.

పరాంకుశం చిన్న కత్తెర తెచ్చి మైకు తీగ కత్తిరించాడు. ఎరుపుకు కూడా దాని దారి దానికే వేశాడు. ఎడమ చెయ్యి వచ్చి, కుడి చెయ్యి రాకుండా ఉంటేనే ఎరుపు.

పైడిరాజును తిరిగి తెచ్చి టోపీ పెట్టారు. ఏ ప్రశ్న అడిగినా ఏ దీపమూ వెలగలేదు.

"ఏటైనాది? మా వోడు మాట్లాడ్డేటి?" అంది అచ్చియ్యమ్మ. సంగతి విన్నాక ఆమె నమ్మలేదు. కోడలి చెయ్యి విదిలించేసింది. "నిన్నటిదాకా బాగానే పలికినాడు. నువ్వే ఏటో తీగలు పీకీసినావు. నా కొడుకు నోరు నొక్కీసినావే గౌరీ! ఆపరేసన్ అవకుండా సేద్దామనే కదా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. గురువారం మధ్యాహ్నం దాకా గౌరీశ్వరి అడుగుతూనే ఉంది. దీపాలు చీకటిగానే ఉన్నాయి. ఇక ఆమెకు తన మీదే అనుమానం మొదలైంది. ఆ పచ్చల్లో అప్పుడప్పుడైనా కొన్ని నిజంగా అతనివేనేమో. అబద్ధంతో పాటు ఆ కాస్త నిజాన్నీ తనే తెంచేసిందేమో. పరాంకుశం కూడా మరో మాట అన్నాడు. "టోపీకి అందనంత బలహీనంగా ఉన్నాయేమో సంకేతాలు. అలాంటప్పుడు ఆ రేకే అసలైన దారి. ఆయన చెప్పలేని స్థితిలో ఉంటే భార్యగా మీరు ఒప్పుకోవచ్చు." మెత్తగానే అన్నాడు. కాగితం ఇంకా బల్ల మీదే ఉంది.

ఆమె కాగితం కేసి చూడలేదు. రిలే గదిలో లోపం దొరకనప్పుడు చేసే పనే చేయాలనుకుంది. అన్ని కలయికలూ విప్పేసి, ఒక్కో తీగ చివర ఏముందో విడివిడిగా చూడటం.

"సార్, అండ్ వద్దు, ఆర్ వద్దు, నాట్ వద్దు. కుడి తీగకు నేరుగా ఒక బల్బు, ఎడమ తీగకు నేరుగా ఒక బల్బు పెట్టించండి."

"దానివల్ల లాభం లేదమ్మా. ఉత్త గోల వస్తుంది, అర్థం లేని సంకేతాలు."

"గోలే చూస్తాను."

పావుగంటలో రెండు చిన్న బల్బులు అమర్చారు. గౌరీశ్వరి ఏమీ అడగలేదు. మంచం కాళ్ల దగ్గర నిలబడింది.

రెండు బల్బులూ ఒకేసారి వెలిగాయి. అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపు వెలిగి, ఒకేసారి ఆరిపోయాయి. కాసేపటికి మళ్లీ రెండూ కలిసి వెలిగాయి.

"చూశారా, ఇదే గోల" అన్నాడు పరాంకుశం. "రెండు చేతులూ ఒకేసారి వస్తే దానికి అర్థం లేదు. అవునూ కాదూ రెండూ అనేవాళ్లుండరు కదా. అందుకే నాట్ పెట్టి దాన్ని వడకట్టేశాం."

గోలకు ఇంత క్రమం ఉండదని గౌరీశ్వరికి తెలుసు. ఆమె బల్బుల్ని కాక భర్త ముఖాన్ని చూసింది. కదలని కళ్లు పైకప్పు వైపు ఉన్నాయి. కుడి చెయ్యి ఎత్తుతున్నాడు. ఎడమ చెయ్యి కూడా ఎత్తుతున్నాడు. రెండు చేతులూ కలిపి.

యార్డులో జెండా చేతిలో లేనప్పుడు పాయింట్స్‌మన్ డ్రైవరుకు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడాలి. ఆ సైగ చూసి కూడా ఇంజను ముందుకు నడిపే డ్రైవరు ఉండడు.

ఆమె ఆశ చూపించకుండా, భయం చూపించకుండా అడగాలని ప్రయత్నించింది కానీ కుదరలేదు. మైకు తీగ తెగిపోయి ఉంది కాబట్టి పరవాలేదు.

"బావా... ఆపమంటున్నావా?"

రెండు బల్బులూ ఆరిపోయాయి. తరవాత కుడి బల్బు ఒక్కటే వెలిగింది. చాలాసేపు వెలిగింది.

"ఆపరేషన్ వద్దా?"

కుడి బల్బు.

"మరి మూణ్ణెల్లుగా ఆపమనే చెప్తున్నావా?"

కుడి బల్బు ఆరి, మళ్లీ వెలిగింది. మూణ్ణెల్లు! తల్లి వంద ప్రశ్నలు అడుగుతుంటే, పెట్టె అతని పేరు మీద వంద అబద్ధాలు చెప్తుంటే, ఎడమ చెయ్యెత్తి కాదన్నా పచ్చే పడుతుంటే, ఈ మనిషి లోపల రెండు చేతులూ ఎత్తి నిలబడే ఉన్నాడు. బండి మాత్రం అతని మీదుగా పోతూనే ఉంది.

పరాంకుశం తన గదికి వెళ్లాడు. గౌరీశ్వరి కళ్లు తుడుచుకుని వెనకే వెళ్లింది. ఆ మనిషిని ఇప్పుడు ఒంటరిగా వదలడం ఆమెకు ఇష్టం లేకపోయింది. జాలితో కాదు, అనుమానంతో. ఆయన బీరువా తెరిచి ఒక కాగితపు చుట్ట తీశాడు. దమయంతి సంకేతాలు అచ్చయిన చుట్ట అది. బల్ల మీద పరిచాడు. పైన కుడి గీత, కింద ఎడమ గీత. సమ్మతి అడిగిన రోజున రెండు గీతలూ కలిసి లేచాయి, కలిసి పడ్డాయి. మళ్లీ మళ్లీ లేచాయి. పక్కన అంచులో నీలం సిరాతో ఒక మాట రాసి, దాని కింద రెండు గీతలు గీసి ఉంది. "గోల."

"ఈ అక్షరాలు ఎవరివి?" అంది గౌరీశ్వరి.

"నావే."

"అంటే అప్పుడే చూశారు."

"చూశాను. కానీ నాకు... అవును అని వస్తుండగా మళ్లీ..."

తెలిసి చేశాడా, తెలుసుకోవడం ఇష్టం లేక చేశాడా అన్నది గౌరీశ్వరికి ఆ రోజూ తేలలేదు, ఆ తరవాతా తేలలేదు. బల్ల మీదున్న సమ్మతి కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. ఆ చుట్టను మాత్రం మడిచి ఆయన చేతిలోనే పెట్టింది.

"సోంపేటలో ఆవిడ కూతురు ఉందని నర్సు చెప్పింది. దీన్ని మీరే తీసుకెళ్లి చూపించండి. నేను వెళ్లి చెప్పడం బాగోదు."

ఆయన వెళ్లాడు. ఆ కూతురు ఫిర్యాదు పెట్టింది, విచారణ జరిగింది, కొండ మీద పరిశోధనాలయానికి తాళం పడింది. విచారణలో పరాంకుశం ఏదీ దాచలేదని తరవాత తెలిసింది. దమయంతి రెండు చేతులూ ఎత్తి ఏం చెప్పాలనుకుందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. కుట్టు టీచరుకు ఆ సైగ నేర్పినవాళ్లు ఎవరూ లేరు కదా.

పైడిరాజును రైల్వే క్వార్టర్స్‌కు తెచ్చుకున్నారు. టోపీని గౌరీశ్వరి విచారణాధికారుల దగ్గర అడిగి తెచ్చుకుంది. దానికి తనే ఒక చెక్క పలక మీద రెండు బల్బులు బిగించింది. మధ్యలో ఏ కలయికా పెట్టలేదు. కుడి, ఎడమ, రెండూ, ఏదీ కాదు. నాలుగు మాటలు. అర్థం చేసుకోవడం చూసేవాళ్ల పని. మొదట్లో రోజుకు రెండు మూడు జవాబులకే అతను అలిసిపోయేవాడు. ఏదీ వెలగనప్పుడు గౌరీశ్వరి ఊరికే పక్కన కూర్చునేది.

అచ్చియ్యమ్మ ఆ పలక వైపు చూసేది కాదు. ఒకసారి మోసపోయిన మనిషి. కొడుకుకు ఒళ్లు తుడిచేది, తల దువ్వేది, పొద్దస్తమానం ఊరి సంగతులు చెప్పేది. ప్రశ్న మాత్రం ఒక్కటీ అడిగేది కాదు. "ఆ దీపాలు కూడా నా గొంతు ఇనే ఎలుగుతాయేమో, ఎవులకి తెలుసు" అనేది.

రెండు నెలలకు ఒక సాయంత్రం గౌరీశ్వరి డ్యూటీ దిగి వచ్చేసరికి అత్త మంచం పక్కన కూర్చుని ఊళ్లో ఎవరి కోడలి సంగతో చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. పలక కేసి గుర్రుగా చూసింది. లేచి వెళ్లి గదిలో అవతలి మూల నిలబడింది. మొహం గోడకు తిప్పేసుకుని, గొంతులో తడి అన్నది లేకుండా, కావాలని కరుగ్గా అడిగింది.

"ఒరే, నాను మరీ ఎక్కువ మాట్లాడీసి నీ పేనం తోడేత్తన్నానేట్రా?"

గౌరీశ్వరి గుమ్మంలోనే ఆగిపోయింది.

కుడి బల్బు వెలిగింది. ఎడమది వెలగలేదు. కుడిది ఆరి, మళ్లీ వెలిగింది.

"ఏటన్నాడే?" అంది అచ్చియ్యమ్మ గోడ వైపే తిరిగి.

"అవునంటున్నాడు అత్తా."

ముసలామె గిరుక్కున తిరిగింది. బల్బును చూసింది, కొడుకును చూసింది. ఆమె నోరు మొదట కోపంతో తెరుచుకుంది, తరవాత వణికింది. కొడుకు మంచం మీద కూలబడి అతని చెయ్యి తన చెంపకు ఆన్చుకుంది.

"ఎదవా! నువ్వేరా, నువ్వే! మరి ఇన్నాళ్లూ సెప్పవేట్రా?" అంటూ ఏడుస్తూ నవ్వుతూ, ఎక్కడ ఆపిందో అక్కణ్నుంచే ఆ కోడలి సంగతి మళ్లీ అందుకుంది.